గోదావరిలో మునిగిన కుట్టుమిషను

మా వాడికి తొమ్మిదేళ్ళు. శుక్రవారం పొద్దున్న ట్యాబ్ చేతికిచ్చి నేను ఇడ్లీ రేకులు ఎక్కించే లోపు వాడు ఏ లోకంలోకి వెళ్ళిపోతాడో చెప్పలేం. 2024 నవంబరులో ఒకరోజు వెనకనుంచి తొంగి చూస్తే తెర మీద తుపాకీ! గుండె గుభేలుమంది. తీరా చూస్తే అది ఆటా కాదు, కాల్పులూ కావు. ఎప్పటిదో పాత తుపాకీ. గొట్టం నిండా తుప్పు, విరిగిన కర్ర మడమ, బిగుసుకుపోయిన మీట. ఎవరివో రెండు చేతులు దాన్ని ఒక్కో మరా విప్పుతున్నాయి. మాటల్లేవు, పాటల్లేవు, గీకుడు చప్పుడు తప్ప. ట్రిగ్గరు చుట్టూ ఉంగరంలా ఉండే మీటని కిందికి లాగి పైకి నొక్కితే లోపల తూటా మారుతుందే, ఆ రకం. 'మోసగాళ్ళకు మోసగాడు' కాలం నుంచీ కౌబాయ్ సినిమాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇడ్లీలు ఉడికిపోయాయి, ఇద్దరం చివరిదాకా చూశాం. ఆ తుప్పు ముద్ద కాస్తా నల్లగా నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

"అమ్మా, మనం కూడా ఇలా ఒకటి బాగుచేద్దామా?" అన్నాడు.

"తుపాకీనా? లైసెన్సు లేకుండా తుపాకీ ఇంట్లో ఉంటే ఇక్కడ జైల్లో పెడతారు నాన్నా. ఇండియాలోనూ అంతే. అయినా మనింట్లో బాగుచెయ్యడానికి అంత పాత ఇనుము ఏముంది?"

"మంచం కింద ఉందిగా, అమ్మమ్మది."

ఇక మాట్లాడలేకపోయాను. పదిహేను నెలలుగా మా మంచం కింద పాత దుప్పట్లో చుట్టి ఉంది అమ్మ కుట్టుమిషను. ఊడ్చిన ప్రతిసారీ చీపురు దానికి తగులుతుంది. తగిలినప్పుడల్లా "ఈ వారం చూద్దాం" అనుకుంటాను. ఖతార్‌లో మనందరి మంచాల కిందా ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయని నా అనుమానం.

అది ఉషా మిషను, నల్లది, బంగారు అక్షరాలది. 1930లలో కలకత్తాలో తయారీ మొదలుపెట్టిన జే ఇంజనీరింగ్ వాళ్ళది.  అమ్మ దాన్ని 1990లో, పుస్తెలతాడులో ఒక పేట అమ్మి కొన్నది. మాది కోనసీమలో ఒక లంక ఊరు. నాన్న కొబ్బరి ఒక ఏడాది పండేది, ఒక ఏడాది ఎండేది. అమ్మ జాకెట్లు మాత్రం ఏడాది పొడుగునా పలికేవి. శ్రావణంలోనూ సంక్రాంతి ముందూ నేను మిషను చప్పుడు వింటూ పడుకుని, మళ్ళీ ఆ చప్పుడికే లేచేదాన్ని. మధ్యలో ఆవిడ ఎప్పుడు పడుకునేదో నాకు తెలీదు. జాకెట్టుకి పదిహేను రూపాయలు. హుక్కులూ కాజాలూ అందులోనే. ఆ పదిహేనులతోనే నేను అమలాపురంలో కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాను.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన వరద అది. 1986లో 75 అడుగులు దాటిన తరవాత మళ్ళీ అంత నీళ్ళు అప్పుడే. అమ్మని ముందే మా అన్నయ్య అమలాపురం తీసుకెళ్ళిపోయాడు. వెనక వసారాలో ఉన్న మిషను మాత్రం నాలుగు రోజులు నీళ్ళలో ఉండిపోయింది. మరుసటి ఏడాది ఆగస్టులో సెలవులకి వెళ్ళేసరికి అది ఎర్రగా, చక్రం కదలకుండా, గోడకి ఆనుకుని ఉంది.

"ఆ దరిద్రం నీకెందుకే? ఇనపసామాన్లవాడు కిలో ముప్పై ఇస్తానన్నాడు" అంది అమ్మ. నేను వినలేదు. కింది స్టాండు తెచ్చుకునే దారి లేదు కాబట్టి తల ఒక్కటే విప్పించి, పాత లుంగీల మధ్య పెట్టి, బ్యాగులో వేసుకున్నాను. అదొక్కటే పన్నెండు కిలోలు. అందుకోసం రెండు కిలోల ఆవకాయ, పూతరేకులు దింపేశాను. మావారు ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతారు. విమానాశ్రయంలో ఎక్స్‌రే దగ్గర ఉన్నాయన తెర వంక, నా వంక రెండుసార్లు చూశాడు. "కుట్టుమిషను" అన్నాను. బ్యాగు తెరిచి చూసి, చక్రం తిప్పబోయాడు. తిరగలేదు. "ఇది ఇంక పనిచెయ్యదు మేడమ్" అని మూసేశాడు.

ఇంతకీ తుపాకీకీ కుట్టుమిషనుకీ చుట్టరికం మా వాడు అనుకోకుండా కలిపాడు గానీ, అది నిజంగానే ఉంది. ఆ వారమంతా రాత్రిళ్ళు చదువుతుంటే తెలిసింది. న్యూయార్కులో వాల్టర్ హంట్ అని ఒకాయన ఉండేవాడు. 1833-34 ప్రాంతంలో ఆయన కొనలో బెజ్జం ఉన్న సూదినీ, కింద దారం పట్టుకుని తిరిగే షటిల్‌నీ కలిపి ఒక కుట్టుమిషను చేశాడు. పైదారం, కిందిదారం ఒకదానిలో ఒకటి ముడిపడే కుట్టు అది. ఈ రోజు మీ ఇంట్లో మిషను కుట్టేదీ ఆ కుట్టే. కానీ దానికి పేటెంటు తీసుకోలేదు. కూతురు కరోలిన్‌ని దాంతో వ్యాపారం పెట్టుకోమంటే, సూదితో కుట్టి బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని ఆ పిల్ల వద్దందని చెబుతారు. ఆయన దాన్ని అలాగే వదిలేశాడు. పుష్కరం తరవాత 1846లో ఎలియాస్ హోవ్ అదే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుతో వచ్చాడు. ఇద్దరూ కోర్టుకెక్కినప్పుడు హంట్ ముందే కనిపెట్టిన మాట బయటికొచ్చినా, ఆయనకి ఒరిగిందేమీ లేదు.

అదే హంట్ 1849లో రెండు పేటెంట్లు తీసుకున్నాడు. ఒకటి మన పిన్నీసు. అవును, అమ్మ గాజులకి అరడజను వేలాడదీసుకునే పిన్నీసు! పదిహేను డాలర్ల అప్పు తీర్చడానికి దాని హక్కుల్ని నాలుగు వందల డాలర్లకి అమ్మేశాడు. రెండోది మీట లాగితే తూటా మారే తుపాకీ. అది సరిగా పనిచెయ్యలేదు గానీ, ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారుతూ, బాగుపడుతూ 1860లో హెన్రీ రైఫిలుగా, 1866 నుంచి వించెస్టర్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఇక ఆ ఆలివర్ వించెస్టర్ ఎవరనుకున్నారు? న్యూ హేవెన్‌లో చొక్కాల ఫ్యాక్టరీ ఆసామి! చొక్కాలు కుట్టించి సంపాదించిన డబ్బే తుపాకుల్లో పెట్టాడు. స్వీడన్‌లో హుస్క్‌వార్నా వాళ్ళది ఎదురు దారి. 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలై, 1872 నుంచి కుట్టుమిషన్లు కూడా చేశారు.

ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్పాను. పిన్నీసు దగ్గర నవ్వింది. కరోలిన్ మాట వచ్చేసరికి, "ఆ పిల్లకేం తెలుసే. మిషను వల్ల నా పొట్టేం కొట్టుకుపోలేదు. మిషను కొనుక్కోలేక చేత్తో కుట్టేవాళ్ళదే పోయింది. మన వీధి చివర సూరమ్మత్త కళ్ళు అలాగే పోయాయి" అంది. యంత్రాల్ని అంతగా విమర్శించిన గాంధీగారు కూడా కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారని చెబితే, "ఆయన జాకెట్లు కుట్టుంటే ఇంకా ముందే ఇచ్చేవారు" అంది.

డిసెంబరు మొదటి శనివారం మా వక్రా ఫ్లాటు బాల్కనీ వర్క్‌షాపు అయింది. వేసవిలోనైతే అక్కడ నిలబడడమే కష్టం. పాత టేబులు, పైన అట్ట, మావారి స్పానర్ల పెట్టె, గుడ్డ పీలికలు, ఫోటోలకి ఫోను. ఆయన రాస్ లఫాన్‌లో పంపులూ కంప్రెసర్లూ చూస్తారు. సముద్రం పక్కన ఇనుముతో ఆయనకి రోజూ యుద్ధమే. "ఒక్క మాట చెబుతాను, ఇంక నీ పనికి అడ్డు రాను. కదలనిదాన్ని బలవంతంగా కదపకు. విరిగితే అమ్మకి నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. అన్నట్టుగానే అడ్డు రాలేదు. అప్పుడప్పుడూ టీ మాత్రం అడిగారు.

అట్ట విప్పగానే అడుగునుంచి ఒండ్రు రాలింది. ఎండి, మెత్తగా, బూడిద రంగులో, మా గోదావరి ఒండ్రు. చేతి లోపలి గొట్టంలోంచి చెంచాతో గీకితే దోసెడు వచ్చింది. అందులో ఒక జాకెట్టు హుక్కు, చిలకాకుపచ్చ దారం ముక్క. ఆ దారం ఏ పెళ్ళి జాకెట్టుదో! పిల్లవాడు మట్టినంతా గాజుసీసాలో పోసి మూత పెట్టి, "ఇది ఇండియా" అని రాసి పెట్టుకున్నాడు.

బిగుసుకుపోయిన మిషన్లకి తుప్పుకన్నా పెద్ద శత్రువు పాత నూనె. ఏళ్ళ తరబడి వేసిన నూనె గాలి తగిలి ఎండి జిగురులా, లక్కలా గట్టిపడుతుంది. దానికి మందు ఓపిక. కదిలే ప్రతి చోటా తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు, పైన హెయిర్ డ్రయ్యర్ వేడి. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఆ సందులోంచి నూనె లోపలికి పాకుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎనిమిదో రోజు సాయంత్రం బియ్యం కడిగి వచ్చి ఊరికే చక్రం మీద చెయ్యి వేస్తే ఒక అంగుళం కదిలింది. ఇంట్లో ఎవరూ లేరు. అయినా గట్టిగా అరిచాను. పక్క ఫ్లాటు మలయాళీ ఆవిడ తలుపు కొట్టి అడిగింది, అంతా బాగానే ఉందా అని.

ఇక తుప్పు. ఇక్కడ నా బీఎస్సీ పదహారేళ్ళ తరవాత నిద్ర లేచింది. చిన్న భాగాలకి, మరలకి నిమ్మ ఉప్పు నీళ్ళు సరిపోయాయి. పెద్దవాటికి విద్యుద్విశ్లేషణ చేశాను. దానికి బట్టల సోడా కావాలి. నాకు దొరకలేదు. వంటసోడా ఉంది కదా! ట్రేలో పరిచి ఓవెన్‌లో రెండు వందల డిగ్రీల్లో గంట పెట్టాను. నీరూ బొగ్గుపులుసు వాయువూ పోయి, మిగిలింది సోడియం కార్బొనేటు, అంటే బట్టల సోడానే. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం రాసిన సమీకరణం కేకు ట్రేలో కళ్ళముందు జరిగింది. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరుకి ఒక పెద్ద చెంచా చొప్పున కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని రాగి తీగతో వేలాడదీసి, మావారి కారు బ్యాటరీ ఛార్జరు రుణధ్రువం దానికి, ధనధ్రువం ఒక పాత ఇనుప చువ్వకి తగిలించాను. భాగాలు రెండూ ఒకదానికొకటి తగలకూడదు.

మీలో ఎవరైనా చేస్తారేమోనని మూడు జాగ్రత్తలు చెప్పి తీరాలి. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి గాలి ఆడేచోటే చెయ్యాలి, దగ్గర్లో మంట, అగరొత్తి కూడా ఉండకూడదు. చువ్వగా స్టీలు గరిటె వాడకండి. స్టెయిన్‌లెస్ స్టీలులో ఉన్న క్రోమియం విషమై నీళ్ళలోకి వస్తుంది. స్ప్రింగులు అందులో వెయ్యొద్దు. హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. తరవాత ఎప్పుడో పుటుక్కుమంటుంది. తుపాకుల స్ప్రింగులకీ ఇదే భయం. మా దారం బిగువు చూసే స్ప్రింగుని మాత్రం పాత టూత్‌బ్రష్షుతో, నూనెతో రుద్దాను.

నాలుగు గంటల్లో నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి. భాగం బయటికి తీస్తే ఎర్రదనం పోయి నల్లటి పొర మిగిలింది. బ్రష్షుతో తోమితే పోయింది. కింద లోహం! కానీ అది పచ్చి గాయంలాంటిది. తడి ఆరేలోపే మళ్ళీ నారింజ రంగు పూస్తుంది. మొదటిసారి నేను ఫోను ఎత్తి వచ్చేసరికి పూసేసింది. ఆ పైన ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకుని వాటితో కడిగి, వెంటనే డ్రయ్యర్ పెట్టి, నూనె పూశాను. ఇక్కడ కుళాయి నీళ్ళూ సముద్రంలోంచి ఉప్పు తీసినవే గానీ, ఏసీ నీళ్ళలో అసలు ఉప్పే ఉండదని నా లెక్క.

బాబిన్ చుట్టే చిన్న మీటకి మాత్రం తుపాకీ వైద్యం చేశాను. పాత తుపాకీ గొట్టాల నలుపు రంగు కాదండీ, అదీ తుప్పే. కావాలని సన్నగా తుప్పు పట్టించి, నీళ్ళలో మరిగిస్తే ఎర్రటి ఆక్సైడు నల్లటి మాగ్నటైటుగా మారుతుంది. పైన వదులుగా ఉన్నది తుడిచేసి, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ మరిగించాలి. ఆ నల్లటి పొర నూనెని పట్టి ఉంచి, ఎర్రతుప్పుని దగ్గరికి రానివ్వదు. ఆరుసార్లు మరిగించాను, పప్పు గిన్నెలోనే. (ఆ గిన్నె ఇప్పుడు పప్పుకి వాడట్లేదు. పప్పు గిన్నె ఎక్కడని మావారు అడిగితే విరిగిందన్నాను. స్టీలు గిన్నె ఎలా విరుగుతుందని ఆయన అడగలేదు.)

ఇక్కడ ఒక తప్పు చేశాను. మిషను ఒంటి మీద నల్లరంగునీ, బంగారు అక్షరాల్నీ విద్యుత్తులో ముంచకూడదని తెలుసు, ముంచలేదు. కానీ ఆ వీడియోలో తుపాకీలా మెరవాలనే ఆశ ఉంది కదా. అక్షరాల మీద మరక ఉందని దూదితో కాస్త స్పిరిట్ పెట్టాను. మరకతో పాటు మొదటి అక్షరం సగం దూదికి వచ్చేసింది. పసుపుపచ్చగా దూది. చూస్తూ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళు అమ్మ చేతికిందా, నాలుగు రోజులు గోదావరి కిందా నిలబడిన అక్షరం నా అరనిమిషానికి పోయింది.

ఆ వీడియోల మీద మోజు నాకు ఆ రోజుతో తగ్గింది. గీతలన్నీ గీకేసి, గుంటలన్నీ పూడ్చేసి, మూడో రోజుకి కొట్లోంచి తెచ్చినట్టు చూపిస్తారు. పాత తుపాకులు సేకరించేవాళ్ళే అలా మెరిపిస్తే విలువ పోయిందంటారు. మ్యూజియంలవాళ్ళు కూడా పాడవడాన్ని ఆపుతారు తప్ప కొత్తదిగా చెయ్యబోరు. మిషను ఒంటి మీద నీళ్ళు నిలిచిన చోట అడ్డంగా ఒక బూడిద గీత ఉంది. దాన్ని తుడవలేదు. నూనె గుడ్డతో పైపైన అద్ది వదిలేశాను.

విడిభాగాలన్నీ వరసగా పేర్చి ఫోటో తీసి అమ్మకి పంపాను. మురిసిపోతుందనుకున్నాను. నీలం గుర్తులు పడ్డాయి, జవాబు లేదు. రెండు రోజులు ఫోను కూడా ఎత్తలేదు. మూడో రోజు తనే చేసింది.

"ఎందుకే దాన్ని పట్టుకుని వేలాడుతున్నావు?"

"నీ జ్ఞాపకం కదమ్మా."

"నేను ఉన్నానుగా ఇంకా. ఆ పెడలు శబ్దం వింటే నాకిప్పటికీ నడుం పట్టేస్తుంది. నీకది ముచ్చట, నాకు నడుం నొప్పి. వరదలో పోయింది, పీడా విరగడైందనుకున్నాను. నువ్వు దాన్ని దేశాలు దాటించి, ముక్కలు చేసి, ఫోటోలు తీస్తున్నావు."

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా. నన్ను ఆ మిషను ముట్టుకోనిచ్చేది కాదు ఆవిడ. పదో తరగతిలో ఒకసారి సరదాకి పెడలు తొక్కితే చేతిమీద స్కేలుతో కొట్టింది. "నువ్వు ఇది నేర్చుకున్నావంటే ఇక్కడే ఉండిపోతావు" అంది. నేర్చుకోలేదు. చదువుకున్నాను. పెళ్ళయింది, ఫ్యామిలీ వీసా మీద వచ్చాను, పిల్లాడు పుట్టాడు. ఇన్నేళ్ళలో ఆ చదువు ఏమైందని అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం ఎంత బరువో ఇంట్లో ఉండే మనలో చాలామందికి తెలుసు. అదంతా ఫోన్లో అనలేదు. "తుప్పు వదిలించడం నాకు బాగా వచ్చిందమ్మా. కాలేజీ లాబ్‌లో కన్నా బాగా వచ్చింది" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "షటిల్ విప్పావా? దాని ముక్కు మీద గీత పడిందేమో చూడు. గోరు పెట్టి చూడు, కంటికి కనపడదు" అంది.

గోరు పెట్టి చూశాను. గీత ఉంది. ఒకచోట తుప్పు తిన్న గుంట కూడా. దాన్ని సాన పట్టి లాభం లేదు. నజ్మాలో పాత సామాన్ల సూక్ హరాజ్ పక్క సందుల్లో టైలర్లకి సరుకులమ్మే ఒక కొట్టు పట్టుకున్నాను. కొట్టాయన బంగ్లాదేశ్ మనిషి. నా చేతిలోని షటిల్ని, బాబిన్ కేసుని ఒకసారి తిప్పి చూసి, పేరూ ఊరూ అడక్కుండా సొరుగులోంచి కొత్తవి తీసి ఇచ్చాడు. కలకత్తా మిషనులో, దోహాలో కొన్న, చైనాలో చేసిన భాగం చటుక్కున కూర్చుంది! దీని వెనక కూడా తుపాకులే ఉన్నాయి. ఏ ముక్కైనా ఏ తుపాకీలోనైనా ఇమడాలని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా ఆయుధ కర్మాగారాలు పట్టుబట్టాయి. ఆ పద్ధతి అక్కడ నేర్చిన పనివాళ్ళ ద్వారా కుట్టుమిషన్లకి పాకింది. సింగర్ కంపెనీ మాత్రం చాలాకాలం ఆకురాయితో రుద్ది, దేనికది అమర్చేది. తరవాత ఆ సింగర్ 15వ రకం నమూనానే ఇండియా, జపాన్, చైనా అంతా కాపీ కొట్టాయి. అందుకే ఒకే బాబిన్ అందరికీ సరిపోతుంది. యుద్ధంలో తుపాకీ విరిగిన సిపాయికి పనికొచ్చిన ఆలోచన నజ్మాలో నాకు పనికొచ్చింది.

జనవరి మూడో వారానికి అన్నీ బిగించాను. స్టాండు లేదు కాబట్టి చక్రానికి చేతి హ్యాండిల్ పెట్టాం, మావారు చెక్క పీట చేశారు. చక్రం నీళ్ళలా తిరిగింది. దారం ఎక్కించి పాత దుప్పటి ముక్క పెట్టి తిప్పాను.

కుట్టు పడదే! మూడు పడి, ఐదు తప్పి, దారం తెగి. సూది కిందికి దిగి, మళ్ళీ రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి దాని వెనక దారం చిన్న మెలికవుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ ముక్కు వచ్చి దాన్ని అందుకోవాలి. అది చదివి, సూది కడ్డీ ఎత్తు మార్చాను. మళ్ళీ మార్చాను. టార్చి వేసి, ఫోనుతో నెమ్మది వీడియో తీసి, కాగితం మీద కొలతలు వేశాను. నాలుగు సాయంత్రాలు పోయాయి. పిల్లవాడికి విసుగొచ్చి మళ్ళీ ట్యాబ్ తీసుకున్నాడు.

చివరికి సిగ్గు విడిచి అమ్మకి వీడియో కాల్ చేశాను. కెమెరా సూది దగ్గర పెట్టి తిప్పి చూపించాను. మూడు చుట్లు తిప్పానో లేదో:

"సూది తిరగేసి పెట్టావే."

"ఏంటమ్మా?"

"సూది పైన ఒక పక్క చదునుగా ఉంటుంది చూడు. అది అటు ఉండాలి, ఇటు కాదు. దారం గాడి దారం వచ్చే వైపుండాలి. ఏం చదివావే నువ్వు, బీఎస్సీ!"

తిప్పి పెట్టాను. కడ్డీని మొదటి గుర్తు దగ్గరికి దించాను. తిప్పితే టకటకటక, గొలుసులా కుట్టు. చప్పుడు గది నిండింది. భయం భయంగా ఫోను వైపు చూశాను, ఆవిడ నడుం గుర్తొచ్చి. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని, తెరకి దగ్గరగా వచ్చి వింటోంది.

"పెడలు లేదుగా" అంది. "చేత్తో అయితే చప్పుడు వేరేగా ఉంది. బట్ట తిరగేసి చూపించు."

చూపించాను.

"కింద దారం ఉండలు కడుతోంది. పైదారం బిగువు అర చుట్టు బిగించు. ఆఁ, చాలు. మొదటి అక్షరం ఏమైంది?"

చెప్పాను. స్పిరిట్ సంగతి, దూది సంగతి అన్నీ. తిడుతుందనుకున్నాను.

"నా మోచెయ్యి రాసుకుని రెండోది ఎప్పుడో సగం పోయింది, చూసుకోలేదా?" అంది.

చూశాను. నిజమే, రెండో అక్షరం కాలు అరిగిపోయి ఉంది. ఇన్ని రోజులు అది వరద పని అనుకున్నాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, ఇండియాలో అమ్మ టీ తాగే వేళకి, మాకు క్లాసు. దిండు గలీబులయ్యాయి, మా వాడి స్కూలు ప్యాంటు అంచు అయింది. పోయిన వారం జాకెట్టు ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టాం. చంక తిప్పు దగ్గర నేను అరంగుళం ఎక్కువ కోసేశాను. గుడ్డ పాడు చేశానని అమ్మ తిట్టి, తన కొలతలు రాసుకోమంది.

"నీకు కుడతావు సరే, ముందు నాకొకటి కుట్టు. ఎవరి చేతా కుట్టించుకోలేదు ఇంతవరకూ" అంది. ఛాతీ ముప్పై ఎనిమిది, పొడవు పద్నాలుగున్నర, చెయ్యి తొమ్మిది. రంగు మాత్రం ఇంకా తేల్చలేదు.